విశాఖలో మూడు రోజుల కాలినడక

డిసెంబరు రెండో వారంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ నుంచి విశాఖపట్నం స్టేషన్లో దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. మూడు రోజులు ఉండి, వీలైనంత వరకు ఊరిని నడిచే చూడాలని ముందే నిశ్చయించుకున్నాను. మొదటి చిక్కు క్లోక్‌రూములోనే ఎదురైంది. తాళం లేని సామాను అక్కడ తీసుకోరు. నా వీపుసంచికి తాళం లేదు. బయట చిన్న తాళం కొని, రెండు జిప్పులనూ కలిపి బిగించి, టికెట్టు చూపించి అప్పగించాను. ఇలా వచ్చేవారు ఇంటి దగ్గరే ఒక తాళం సర్దుకోవడం మంచిది. ఈ ఊరి ఎత్తుపల్లాల్లో సంచి మోస్తూ తిరగడం చాలా కష్టం.

విశాఖ వచ్చేవారిలో చాలామంది నేరుగా రామకృష్ణా బీచ్‌కు వెళతారు. నేను మాత్రం ముందుగా స్థానికులు వన్‌టౌన్ అని పిలిచే పాతనగరానికి వెళ్లాను. క్వీన్ మేరీ పాఠశాల, టౌన్‌హాలు, కురుపాం మార్కెట్ ఇవన్నీ ఒకదానికొకటి నడిచిపోయేంత దూరంలోనే ఉన్నాయి. అయితే ఇక్కడ కాలిబాట అనేదే సరిగా లేదు. ఉన్నచోట బళ్లు నిలిపి ఉంటాయి, లేనిచోట ఆటోల పక్కనుంచి ఒదిగి నడవాలి. ఇన్ని పాత కట్టడాలున్న వీధుల్లో నడిచేవారికి ఇంత తక్కువ చోటు మిగలడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఆ శ్రమంతా రాస్ హిల్ ఎక్కిన తరువాత మరిచిపోయాను. ఓడరేవు కాలువను ఆనుకుని పక్కపక్కనే మూడు కొండలున్నాయి. రాస్ హిల్‌పై మేరీమాత చర్చి, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, మరొకదానిపై వేంకటేశ్వరాలయం. చర్చి ముందున్న గోడ దగ్గర నిలబడితే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, మధ్యలో సన్నని నీటి దారి కనిపిస్తాయి. నేనున్న గంటలో ఒక సరుకుల ఓడ ఆ దారిలోకి వచ్చింది. ముందొకటి, వెనకొకటి టగ్గులు, అంటే ఓడలను లాగే చిన్న పడవలు, దానిని పట్టుకుని, మనిషి నడక కన్నా నెమ్మదిగా లోపలికి తీసుకువెళుతుంటే, డెక్కు మీద తాడు చుడుతున్న నావికుడి నారింజరంగు చొక్కా కూడా స్పష్టంగా కనిపించింది. 1933లో ప్రారంభమైన ఈ రేవును అలల తాకిడి నుంచి కాపాడేందుకు, రెండు పాత ఓడలను రాళ్లతో నింపి ముంచి అడ్డుకట్టగా వేశారు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ ఇరుకు ముఖద్వారం మరోలా కనిపిస్తుంది.

రెండో రోజు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బరుకు వెళ్లాను. కోనాం, చందువ, రొయ్యలు గుట్టలుగా పోసి వేలం వేస్తుంటారు. నేల తడిగా, జారుడుగా ఉంటుంది కనుక చెప్పులు గట్టివి కావాలి. అక్కడి నుంచి బీచ్ రోడ్డు పట్టుకుంటే నడక హాయిగా సాగుతుంది, ఎందుకంటే ఉదయం వేళ కాసేపు ఆ రోడ్డు మీద వాహనాలను ఆపివేస్తారు. ఆ రోడ్డు మీదే ఉన్న కురుసుర జలాంతర్గామి మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఈ జలాంతర్గామి పొడవు సుమారు 91 మీటర్లు. లోపల ఒక గది నుంచి మరో గదికి గుండ్రని ద్వారంలోంచి వంగి, ఒక కాలు ముందు పెట్టి దూరాలి. వివరించేవారు నౌకాదళంలో పనిచేసి రిటైరైనవారు కావడంతో, టార్పెడో గొట్టాల పక్కనే వేసిన పడకల గురించి వారు చెప్పే తీరు వేరుగా ఉంటుంది. ఎదురుగా ప్రదర్శనకు ఉంచిన టీయూ-142 అనే పాత నౌకాదళ విమానం కూడా బాగుంది గానీ, సమయం ఒక్కదానికే ఉంటే కురుసురనే చూడమంటాను. రామకృష్ణా బీచ్‌లో నీళ్లలోకి దిగవద్దు. అలలు వెనక్కు లాగే బలం అక్కడ ఎక్కువ. సాయంత్రం ఒడ్డున కూర్చుని, ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం వేసి కలిపిచ్చే ముంత మసాలా తినడమే సరైన పని.

బస విషయంలో నా అనుభవం మిశ్రమం. మొదటి రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాను. అర్ధరాత్రి దాకా హారన్ల మోత ఉన్నా, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అడగగానే వేడినీళ్లు ఇచ్చారు. రెండో రాత్రి సముద్రం వైపున్న ఒక డార్మిటరీకి మారాను. ఫొటోల్లో చూపిన లాకర్లు పనిచేయలేదు, పరుపు చెమ్మగా ఉంది, ఆన్‌లైన్లో డబ్బు కట్టిన తరువాత కూడా దుప్పటికి వేరుగా అడిగారు. సముద్రం కనిపించే కిటికీ కోసం అంత సర్దుకోనక్కరలేదు. నడిచి తిరిగేవారికి కాంప్లెక్స్, జగదాంబ ప్రాంతాలే అనుకూలం.

మూడో రోజు లాసన్స్ బే మీదుగా తెన్నేటి పార్కు వరకు నడిచి, అక్కడ 900కె బస్సెక్కి, రుషికొండను కిటికీలోంచే చూస్తూ భీమిలి చేరాను. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది. డచ్చివారి సమాధులు చూసి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి వచ్చేసరికి ఎండ వాలింది. ఒడ్డున ఒక పెద్దాయన కాలి బొటనవేలికి వల అంచు తగిలించి, చిరుగులు కుడుతున్నారు. తిరుగు బస్సు ఎన్నింటికని అడిగితే, వలలోంచి తల ఎత్తకుండానే, "ఇంకా ఉందిలే బాబూ, కూచో" అని పక్కనున్న పడవ అంచు చూపించారు.