ఏఏ మీటింగు ఎలా ఉంటుంది, ఎవరికి పనికొస్తుంది

తాగుడు మానాలనుకునేవాళ్లకు మన ఊళ్లల్లో పైసా ఫీజు లేకుండా ఏళ్ల తరబడి దొరికే తోడు ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అనే అంటారు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు ఒకరినొకరు తాగకుండా నిలబెట్టుకోవడంతో మొదలైంది. దరఖాస్తు ఉండదు, ఇంటిపేరు అడగరు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

మీటింగు కంటే ముందు చూసుకోవాల్సింది ఒకటుంది. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక గుక్క పడితేగానీ ఆ వణుకు ఆగనివాళ్లు సొంతంగా, ఒక్కసారిగా మందు ఆపకూడదు. ఆఖరి గుక్క తర్వాత 6 నుంచి 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతి తప్పి, లేనివి కనబడి, ప్రాణం మీదకు రావచ్చు. అలాంటివాళ్లకు ముందు డాక్టరు కావాలి, బీ1 విటమిన్ కావాలి, వణుకు తగ్గించే మందులు కావాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి గానీ ఫోన్ చేయొచ్చు. ఈ దశలో మీటింగు డాక్టరుకు బదులు కాదు.

మీటింగు ఎక్కడ జరుగుతుందో ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో దొరుకుతుంది. కానీ ఆ జాబితాను నమ్మి నేరుగా బయల్దేరొద్దు. గది మారిపోతుంది, వారం మారుతుంది, ఒక్కోసారి గ్రూపే ఆగిపోతుంది. అక్కడిచ్చిన నంబరుకి ముందు ఫోన్ చేసి మూడు సంగతులు అడగాలి: ఓపెన్ మీటింగా, క్లోజ్డా? తెలుగులోనా, ఇంగ్లీషులోనా, హిందీలోనా? ఏ గేటులోంచి, ఏ గదిలోకి? ఓపెన్ అయితే ఇంట్లోవాళ్లూ రావచ్చు, క్లోజ్డ్ మాత్రం మానాలనుకునేవాళ్లకే. చాలా గ్రూపులు చర్చి ఆవరణలోనో స్కూలు గదిలోనో అద్దెకు కూర్చుంటాయి. అంతమాత్రాన ఏ ఒక్క మతంతోనూ సంబంధం లేదు. బయట బోర్డు ఉండకపోవచ్చు కాబట్టి పావుగంట ముందే చేరడం మంచిది.

గంట, గంటన్నరలో అయిపోతుంది. కాసేపు మౌనం, ఒక ప్రార్థన, తాగుడు మానడానికి ఏఏ పాటించే పన్నెండు మెట్లు చదవడం, ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్పుకోవడం. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో ఎవరూ సలహాలివ్వరు. సిగ్గుతో బిగుసుకుపోయి వచ్చినవాళ్లకు ఇదే పెద్ద ఊరట. వంతు వచ్చినప్పుడు "ఈ రోజు వింటాను" అంటే సరిపోతుంది. చివర్లో సంచి తిప్పుతారు. గది అద్దె, టీ ఖర్చు సభ్యులే భరిస్తారు, బయటివాళ్ల విరాళాలు తీసుకోరు. కొత్తవాళ్లు ఏమీ వేయక్కర్లేదు.

అసలు పని మీటింగు అయ్యాక టీ దగ్గర జరుగుతుంది. లేచి వెళ్లిపోయేవాళ్లు సగం సాయం అక్కడే వదిలేసి పోతున్నట్టే. ఇద్దరు ముగ్గురి నంబర్లు తీసుకోవాలి, మగవాళ్లు మగవాళ్లవి, ఆడవాళ్లు ఆడవాళ్లవి. తాగాక కాదు, తాగాలనిపించినప్పుడే ఫోన్ చేయాలి. స్పాన్సర్‌ని, అంటే వెన్నంటి నడిపించే పాత సభ్యుణ్ని, మొదటి రోజే ఎంచుకోవద్దు. నాలుగైదు వారాలు వింటే ఎవరి మాట, ఎవరి నడత ఒకటిగా ఉన్నాయో తెలుస్తుంది. స్పాన్సర్ మెట్లు చేయించే తోడు మాత్రమే. అప్పులిచ్చేవాడూ కాదు, డాక్టరూ కాదు. "మానసిక మందులు మానేయ్" అనే సభ్యుడు కనబడితే ఆ మాట వినొద్దు. సభ్యులెవరూ డాక్టరు పాత్ర పోషించకూడదని ఏఏ పుస్తకాలే చెబుతాయి. డబ్బు అడిగినా, వ్యాపారం కలపబోయినా, గదిలో విన్నది బయట మోసినా గ్రూపు మార్చేయాలి.

మార్చడానికి వీలుంది కూడా, ఎందుకంటే ఏ గ్రూపుకి ఆ గ్రూపు స్వతంత్రం. ఒక చోట మెట్ల మీద చర్చ లోతుగా సాగుతుంది, ఇంకో చోట పాత సభ్యులు ఇద్దరే గంటంతా మాట్లాడతారు. ఒక హోటల్లో పెసరట్టు మాడిందని పెసరట్టే తినడం మానేయం కదా. కనీసం ఐదారు మీటింగులు, రెండు మూడు గ్రూపుల్లో చూశాకే ఇది పడుతుందో లేదో తేల్చుకోవాలి.

కొత్తవాళ్లకు తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని చెబుతుంటారు. వారానికి ఒకటో రెండో జరిగే జిల్లా ఊళ్లల్లో అది కుదరదు, మిగతావి ఆన్‌లైన్‌లో పూడ్చుకోవాలి. చేరే ముందు తెర మీద కనబడే పేరు తప్పక మార్చుకోవాలి. ఆఫీసు ఖాతాతో చేరితే పూర్తి పేరు అందరికీ కనబడిపోతుంది. అందరూ ఎరిగిన చిన్న ఊరైతే పక్క ఊరి గ్రూపుకి వెళ్లడమూ ఒక దారే.

లోపాలున్నాయి. ఆడవాళ్లు చాలా తక్కువ, గదినిండా మగవాళ్లే అయితే నోరు తెరవడం కష్టం. వాళ్లకు ఆడవాళ్ల ఆన్‌లైన్ మీటింగులు మేలు. దేవుడి ప్రస్తావన అడుగడుగునా వస్తుంది. దేవుణ్ని "మనకు అర్థమైన రీతిలో" అనుకోవచ్చన్న సవరణ ఉన్నా నాస్తికులకు ఇబ్బందే. హాజరు పట్టీ ఉండదు, రాకపోతే ఎవరో వెతుక్కుంటూ వస్తారన్న భరోసా లేదు.

ఫలితాల మాటకొస్తే, వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2020 సమీక్ష 27 అధ్యయనాలు, 10,565 మందిని పరిశీలించింది. నిపుణులు పద్ధతి ప్రకారం ఏఏకి జోడించినవాళ్లలో ఏడాది తర్వాత 42 శాతం పూర్తిగా తాగకుండా ఉన్నారు, వేరే చికిత్సల్లో 35 శాతం. సొంతంగా వెళ్లి ఒకటి రెండు మీటింగుల్లో కూర్చొచ్చినవాళ్ల లెక్క కాదిది.

ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే మీటింగులున్నాయి, 1951 నుంచి. తాగేవాడు రానన్నా భార్య, తల్లిదండ్రులు అక్కడికి వెళ్లొచ్చు.