సర్కారు జాగాలో పార్కింగ్ చలాన్: కట్టేయాలా, కొట్లాడాలా, ఆగాలా?

పోయిన నెల అమ్మ పెన్షన్ కాగితం పని మీద హైదరాబాద్‌లో లక్డీకాపూల్ వైపు ఒక ప్రభుత్వ ఆఫీసుకు వెళ్లాం. గేటు దగ్గర వాచ్‌మన్ "అందరూ అక్కడే పెడతారు బాబూ" అని చూపించిన గోడ పక్కనే స్కూటీ పెట్టాను. అరగంటలో బయటికి వచ్చేశాం. నాలుగో రోజు పొద్దున మెసేజ్: రాంగ్ పార్కింగ్, 235 రూపాయలు, అందులో 35 యూజర్ ఛార్జీ.

ఇంట్లో మూడు సలహాలు వచ్చాయి. నాన్న "కట్టేసి పడేయ్, 235 తో పోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకు" అన్నాడు. బావ "ఆగు బామ్మర్దీ, ఆఫర్ వస్తది, అప్పుడు కడదాం" అన్నాడు, ఆషాఢం సేల్ కోసం చీర కొనడం ఆపినట్టు. ఆఫీసులో ఫ్రెండ్ అయితే ఏకంగా కోర్టుకే వెళ్దామన్నాడు.

నేను ముందు ఫోటో చూశాను. మీరూ అదే చేయండి, మిగతావన్నీ ఆ తర్వాతే. ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ సైట్లో బండి నంబర్ కొట్టి, అడిగిన వివరాలు ఇస్తే చలాన్‌తో పాటు ఫోటో కనిపిస్తుంది. అడ్రస్ చివర గవ్ డాట్ ఇన్ ఉండాలి. వాట్సాప్‌లో "మీ చలాన్" అంటూ వచ్చే ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) మాత్రం ముట్టుకోవద్దు, దాన్ని ఇన్‌స్టాల్ చేసి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్లున్నారు. నా ఫోటోలో స్కూటీ వెనక భాగం, నంబర్ ప్లేటు, పాన్ మరకల గోడ, ఒక వేపకొమ్మ, పక్కన ఇంకో నాలుగు బండ్లు. అంతే. బోర్డు లేదు, దారికి అడ్డం ఉన్నట్టూ లేదు. శనివారం మళ్లీ వెళ్లి చూస్తే బోర్డు అయితే ఉంది, కానీ దాని మీద ఎవరిదో పండగ శుభాకాంక్షల ఫ్లెక్సీ కట్టారు. "వాహనములు నిలుపరాదు" అనే మాటల్లో కింద "రాదు" ఒక్కటే బయటికి కనిపిస్తోంది. నేనూ ఒక ఫోటో తీసుకున్నాను, తేదీ, టైమ్ పడేలా.

ఇక్కడ చాలామంది పట్టుకునే వాదన ఒకటుంది, "అది రోడ్డు కాదు కదా, సర్కారు ఆఫీసు కాంపౌండ్ కదా, లోపల ట్రాఫిక్ చలాన్ ఎట్లా వేస్తారు" అని. వినడానికి బాగుంటుంది గానీ నిలబడదు. 1988 మోటారు వాహనాల చట్టంలో బహిరంగ స్థలం అంటే రోడ్డు ఒక్కటే కాదు, జనానికి వెళ్లే హక్కున్న ఏ చోటైనా అందులోకే వస్తుంది. మనం పనుల మీద వెళ్లే ఆఫీసు ఆవరణ దాదాపు ఆ కోవలోకే పోతుంది. గట్టి వాదన వేరే చోట ఉంది. 122వ సెక్షన్ ప్రకారం బండి ప్రమాదంగానో, అడ్డంగానో, అనవసరమైన ఇబ్బంది కలిగేలానో నిలిపితేనే తప్పు. నో పార్కింగ్ అనాలంటే ఆ సంగతి బండి పెట్టేవాడికి తెలిసేలా బోర్డు ఉండాలి. ఫోటోలో ఈ రెండూ కనిపించకపోతే మీ చేతిలో ఏదో ఉన్నట్టే. మీ బండి ర్యాంపుకి అడ్డంగానో, అంబులెన్స్ దారిలోనో ఉంటే మాత్రం నాన్న మాట విని కట్టేయండి, నేనైతే అలాంటివాళ్ల తరఫున మాట్లాడను.

కట్టేయడంలో సుఖం నిజమే, రెండు నిమిషాల పని. కాకపోతే కట్టారంటే తప్పు ఒప్పుకుని రాజీ పడ్డట్టే, కాంపౌండింగ్ అంటారు దాన్ని, ఆ తర్వాత కొట్లాడటానికి ఏమీ మిగలదు. "ముందు కట్టేద్దాం, తర్వాత తీరిగ్గా ఫిర్యాదు పెడదాం" అనుకునేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

బావ పద్ధతికి చరిత్ర లేకపోలేదు. 2022 మార్చిలో తెలంగాణలో బైకుల చలాన్ల మీద 75 శాతం, కార్ల మీద 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబర్ 26 నుంచి ఇంకోసారి, బైకులకు 80, కార్లకు 60, గడువు పెంచుకుంటూ 2024 ఫిబ్రవరి 15 దాకా తీసుకెళ్లారు. అది నిజం. కానీ అది ప్రభుత్వం దయ, మన హక్కు కాదు, మళ్లీ ఎప్పుడో, అసలు వస్తుందో రాదో ఎవరు చెప్తారు? పైగా చెకింగ్‌లో ఒకరోజు బండి ఆపితే పాతవన్నీ ఒకేసారి బయటపడతాయి, బండి అమ్మబోతే కొనేవాడు మొదట అడిగేది అదే. ఇంకోటి, తగ్గించి కట్టినా చేయని తప్పు ఒప్పుకున్నట్టే కదా.

కోర్టు సంగతి. సమన్లు వచ్చి మెజిస్ట్రేటు ముందుకు వెళ్లాల్సి వస్తే, తప్పు ఒప్పుకోను అనే హక్కు మీకు పూర్తిగా ఉంది. 235 రూపాయలకు ఒక రోజు సెలవు, నాంపల్లి కోర్టు దాకా పెట్రోలు, మళ్లీ అక్కడ పార్కింగ్ వెతుక్కోవడం (నవ్వకండి), లెక్క వేసుకుంటే చేతి చమురు భాగవతమే. నంబర్ ప్లేటు వేరేవాడిదైతేనో, బండిని ఎత్తుకెళ్లి పాడుచేస్తేనో అయితే వెళ్లాలి, అప్పుడు నేనూ వస్తాను.

నా లెక్కలో నడిచే దారి ఫిర్యాదు. చలాన్ సైట్లోనే పెట్టండి, చలాన్ నంబరు, మీ ఫోటో, నాలుగు వాక్యాలు చాలు. "నేను సీనియర్ సిటిజన్‌ని తీసుకెళ్లాను, దయచేసి" అని బతిమాలొద్దు. బోర్డు ఎలా కప్పి ఉందో, బండి ఎవరికీ అడ్డం లేదని ఫోటోలోనే ఎలా తెలుస్తోందో మాత్రం రాయండి. జవాబు రాకపోతే ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయండి, ఫీజు 10 రూపాయలే, 30 రోజుల్లో చెప్పాలి. అడగాల్సింది ఒక్కటే: ఈ చోటును నో పార్కింగ్‌గా ప్రకటించిన ఉత్తర్వు కాపీ ఇవ్వండి. చట్టం ప్రకారం పార్కింగ్ చోట్లు నిర్ణయించడానికి ఒక అధికారం, ఒక పద్ధతి ఉన్నాయి, కాబట్టి కాగితం అడగడంలో తప్పేం లేదు.

అసలు మీకు పడింది చలానేనా అన్నది కూడా చూసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ లాంటి రైల్వే జాగాలో కథ వేరు. అక్కడ డ్రైవరు సిబ్బంది మాట వినలేదంటే రైల్వే చట్టం 159వ సెక్షన్ కింద 500 దాకా జరిమానా, లేదా నెల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. వ్యవహారం రైల్వే మెజిస్ట్రేటు దగ్గరికి పోతుంది, చలాన్ సైట్లో ఎంత వెతికినా కనిపించదు. ఆసుపత్రుల్లో పార్కింగ్ కాంట్రాక్టరు మనుషులు చక్రానికి తాళం వేసి "ఫైన్" అడిగితే అది అసలు చలానే కాదు. నో పార్కింగ్‌లో ఉన్న బండికి తాళం వేయాలన్నా, ఎత్తుకెళ్లాలన్నా యూనిఫామ్‌లో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఉండాలని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ చెబుతోంది. రసీదు అడగండి, అధికారి ఎవరని అడగండి, ఈ రెండు ప్రశ్నలకే గొంతు తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను.

నా చలాన్ సంగతి అడుగుతారేమో. ఫిర్యాదు పెట్టిన పంతొమ్మిదో రోజు చూస్తే పెండింగ్ లిస్టులో లేదు. మెసేజ్ రాలేదు, సారీ రాలేదు. బావ బండి మీద మాత్రం ఇంకా ఏడు ఉన్నాయి, ఆఫర్ కోసం చూస్తున్నాడు.