నీళ్లు తగిలితే కరిగే ఇంకుతో ఏడాదిన్నర బొమ్మలు

ఏడాదిన్నరగా నేను బొమ్మలు వేస్తున్నది ఒకే ఒక్క ఫౌంటెన్ పెన్నుతో. అందులో స్కూలు పిల్లలు వాడే రాయల్ బ్లూ ఇంకు, పక్కన నాలుగో నంబరు కుంచె, ఏ5 సైజు స్కెచ్‌బుక్, పాత కాటన్ చీర చింపిన గుడ్డముక్క. పెన్ను ధర ఎంత, నిబ్బు ఏ రకం అన్నవి షాపులో అడిగితే వాళ్లే చెప్తారు, అవి రాయను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ఈ ఇంకు నీళ్లు తగలగానే కదులుతుంది. ఆ ఒక్క గుణం వల్లే బొమ్మల మీద ప్రేమ నాకు మళ్లీ పుట్టింది, దాని వల్లే రెండు నెలల పేజీలు పోగొట్టుకున్నాను కూడా.

అంతకుముందు నా దగ్గర 72 రంగుల పెన్సిళ్ల పెట్టె ఉండేది. 24 వాటర్ కలర్ ట్యూబులు, 2బీ నుంచి 8బీ దాకా పెన్సిళ్లు, మార్కర్లు కూడా. ఆదివారం పొద్దున అన్నీ బల్ల మీద పరుచుకుని, ఏ రంగుతో మొదలుపెట్టాలో తేల్చుకునేలోపు వంటకు వేళయ్యేది. రెండేళ్లలో నిండినవి తొమ్మిది పేజీలు. నాది టీచరు ఉద్యోగం, నల్లగొండ నుంచి దేవరకొండ రూట్లో రోజూ బస్సులో పోయి రావాలి, ఆ పెట్టెలు మోసుకుపోయే వీలే లేదు. ఒకరోజు కొండమల్లేపల్లి దగ్గర బస్సు టైరు పంక్చరైతే అందరం దిగి వేపచెట్టు కింద నిలబడ్డాం, బ్యాగులో ఉన్నది హాజరు రాసే పెన్ను, ఒక నోటుబుక్కు. దాంతోనే జాకీ పెట్టిన బస్సును గీశాను. రబ్బరు లేదు కాబట్టి తప్పు గీత పక్కనే ఇంకో గీత, దాని పక్కన ఇంకోటి. టైరు మార్చడం అయిపోయి కండక్టర్ పిలిచేసరికి బొమ్మ పూర్తయింది. అట్లా ఒక బొమ్మ పూర్తిచేసి ఎన్నాళ్లయిందో.

ఇక పానగల్లు సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి. మా ఊరికి ఆనుకునే ఉన్న ఆ పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం తెలియనివాళ్లు నల్లగొండలో ఉండరు. కుందూరు చోడుల కాలం నాటి గుడి, ఒకే మండపానికి మూడు గర్భగుడులు, వాటిలో ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి పగలంతా కదలకుండా నిలబడి ఉంటుంది. ఏ స్తంభం నీడ అంటే వేలు పెట్టి చూపించలేం. ఒకే దిక్కు ఎండ నేరుగా వచ్చి వేసే నీడ కాదది, బయటి వెలుతురు చుట్టూ స్తంభాల సందుల్లోంచి చెదిరి లోపలికొచ్చి వేసే నీడ, అందుకే అంచులు మెత్తగా ఉంటాయి. పెన్సిల్‌తో రెండుసార్లు ప్రయత్నించాను. ఎంత రుద్దినా అది గోడ మీద మరకలాగా కనిపించింది తప్ప నీడలా లేదు. మూడోసారి పెన్నుతో కూర్చున్నాను. నీడ ఉన్నచోట సన్నగా అడ్డగీతలు గీసి, కుంచెను వాటర్ బాటిల్ మూతలో ముంచి గీతల మీద ఒక్కసారి పైనుంచి కిందికి లాగాను. గీతల్లోని నీలం కరిగి జారింది, మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా. ఏమీ రాయని తెల్ల కాగితం పక్కన గోడకు పడే వెలుతురులాగా మిగిలింది. పక్కనే ప్రదక్షిణ చేస్తున్న ఒక అవ్వ ఆగి, "నీడ మంచిగొచ్చింది బిడ్డా, గా రంగు ఏడ కొన్నవ్?" అని అడిగింది. పిల్లలు రాసుకునే ఇంకే అవ్వా అంటే నమ్మలేదు, పెన్ను మూత తీసి చూపించాల్సి వచ్చింది. ఆరోజు ఇంటికొచ్చేటప్పుడు ఉదయసముద్రం చెరువు కట్ట మీద బండి ఆపి ఇంకో రెండు పేజీలు వేశాను, చీకటి పడేదాకా.

ఆ తర్వాత కాగితం విషయం అర్థమైంది. మామూలు నోటుబుక్కులో తడి పెడితే ఇంకు పీల్చుకుని వెనక పేజీకి దిగుతుంది, గీత పక్కలకు వెంట్రుకల్లా పాకుతుంది. మా మేనమామది గట్టుప్పల్, మగ్గం పని. ఆయనకు చూపిస్తే, "దీనికి గంజి చాలలేదే" అన్నాడు. నిజమే, నూలుకు గంజి పట్టించినట్టే కాగితానికీ పిండి పదార్థమో, జిలాటినో పట్టిస్తారు, అది సరిగ్గా ఉంటేనే తడి పైన ఆగుతుంది. అప్పటి నుంచి 150 జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్క) కంటే తక్కువది కొనడం లేదు. కాస్త ఉంగరాలు తిరుగుతుంది, అయినా నా పనికి సరిపోతుంది.

ఇప్పుడు దెబ్బతిన్న రోజు గురించి. నిరుడు జూన్, బడులు తెరిచిన వారం. బ్యాగులో స్టీలు బాటిల్ మూత సరిగ్గా పడలేదు. "మేడమ్, మీ బ్యాగుల నుంచి నీళ్లు కారుతున్నయ్ చూడుండ్రి" అని వెనక సీటాయన చెప్పేసరికి పుస్తకం సగం దాకా నానిపోయింది. ఎండాకాలం సెలవుల్లో వేసిన బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి: బత్తాయి తోటలో నీళ్లు పెడుతున్న మనుషులు, క్లాక్ టవర్ దగ్గర సోడాబండి, మంచంలో నిద్రపోతున్న మా నాన్న. మా నాన్న బొమ్మలో దుప్పటి ఒక్కటే మిగిలింది. ఆరోజు క్లాసులో పాఠం చెప్పాను కానీ మనసు అక్కడ లేదు. ఈ సామాను ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చని కనిపించినవాళ్లందరికీ చెప్పేదాన్ని, ఇప్పుడు ఆ మాట వెంటనే జిప్ కవరు గురించి కూడా చెప్తున్నాను. తడికి చెదరని డ్రాయింగ్ ఇంకు పోయొచ్చు కదా అని అడిగారు కొందరు. షెల్లాక్ అనే లక్క కలిసిన ఆ ఇంకు ఫౌంటెన్ పెన్నులో ఎండితే లోపల గడ్డకట్టి పెన్ను పాడవుతుంది. పైగా అది కదలదు, కదలని ఇంకుతో నాకేం పని.

ఇంకొకటి ఒప్పుకోవాలి. పానగల్లు బొమ్మను చింపి పడమటి కిటికీకి ఎదురుగా గోడకు అంటించాను. ఒక ఎండాకాలం గడిచేసరికి నీలం వెలిసిపోయింది, ఆ నీడ ఇప్పుడు వెతికితే తప్ప కనిపించదు. ఇట్లాంటి ఇంకు రంగు ఎండకు నిలవదు. ఫ్రేము కట్టించుకోవాలనుకునేవాళ్లు, డబ్బు తీసుకుని బొమ్మలు వేసిచ్చేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. నేను మాత్రం వేసినరోజే ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకుంటున్నాను.

ఒక్క నీలంతోనే అన్నీ అయిపోతాయని కూడా మొదట్లో అనుకున్నాను. సద్దుల బతుకమ్మ రోజు కూలబడిపోయాను. గునుగు పూలకు తెల్ల కాగితం వదిలేస్తే సరిపోయింది, తంగేడుకు ఏం చేయాలి? నీలంలో తంగేడు పువ్వు తంగేడు పువ్వు కాదు. మర్నాడు పాత 72 రంగుల పెట్టె తెరిచి పసుపు పెన్సిల్ ఒక్కటి తీసుకున్నాను, ఇంకు పూర్తిగా ఆరాక పైన రుద్దుతాను, ముందే రుద్దితే పెన్సిల్‌లోని మైనం మీద ఇంకు పట్టదు. మిగతా 71 పెన్సిళ్లు మా అక్క కూతురికి ఇచ్చేశాను.

నాకు బస్సులో, బస్టాండులో కలిపి రోజుకు రెండు గంటలు దొరుకుతాయి, ఇంట్లో పెద్ద బల్లకు చోటు లేదు, కాబట్టి నాకిది కుదిరింది. ఇంట్లోనే తీరిగ్గా కూర్చుని రంగులు కలుపుకోగలిగే వాళ్లకు ఇంత తక్కువ సామాను ఎందుకనిపించవచ్చు, వాళ్లను కాదనను. కొనేటట్టయితే ముందు ఇంకు సీసా, 150 జీఎస్ఎమ్ పుస్తకం తీసుకోండి, పెన్ను మీ ఇంట్లో ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది, నిబ్బును గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలావరకు మళ్లీ రాస్తుంది. నీళ్ల బాటిల్ మాత్రం వేరే సంచిలో పెట్టుకోండి.