చంద్రపూర్ ఎండల్లో హెరాల్డ్: రేడియేటర్ కంటే ముందు బ్లాకు కడిగించండి

మా నాన్న కొన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారును (ట్రయంఫ్ హెరాల్డ్‌కు మన దేశంలో తయారైన రూపం) చాలా ఏళ్ళుగా బల్లార్షా, చంద్రపూర్, రాజురా మధ్య నడుపుతున్నాను. దీని ఛాసిస్‌నే కుదించి ట్రయంఫ్ వాళ్ళు 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తెచ్చారు. ఇంజను కూడా ఆ కుటుంబానిదే కాబట్టి కూలింగ్ సంగతులు రెండింటికీ దాదాపు ఒకటే. కాకపోతే మాకు మే నెలలో 45 డిగ్రీలు మామూలే.

ఇంజను వేడెక్కిపోతుంటే అల్యూమినియం రేడియేటర్ వేయించమని చాలామంది చెప్పారు. నేను పాత రాగి, ఇత్తడి రేడియేటర్‌కే టంకం విప్పించి కొత్త కోర్ (నీళ్ళు చల్లబడే గొట్టాలు, రెక్కల భాగం) వేయించాను. చిన్న లీకు వచ్చినా ఇక్కడే టంకం పెట్టించుకోవచ్చు. అయినా టెంపరేచర్ ముల్లు పూర్తిగా దిగలేదు. అసలు రోగం బ్లాకులో, అంటే సిలిండర్లుండే ఇంజను దిమ్మలో ఉంది. డ్రెయిన్ ట్యాప్ తిప్పితే చుక్క నీరు రాలేదు. తీగతో పొడిచాక ఇటుక రంగు బురద ముద్దలుగా ఊడిపడింది! ఏళ్ళ తరబడి పోసిన బోరు నీళ్ళ సున్నం, ఇనుము తుప్పు కలిసి వెనక సిలిండర్ చుట్టూ పేరుకుపోయాయి. తేట నీళ్ళు వచ్చేదాకా గొట్టం పెట్టి కడిగించాను. ముల్లు దారిలోకి వచ్చింది ఆ తర్వాతే.

ఇప్పుడు ఒక వంతు కూలంట్‌కి రెండు వంతుల డిస్టిల్డ్ వాటర్ పోస్తున్నాను. మాకు గడ్డకట్టే చలి లేదు, పైగా వేడిని లాగడంలో నీళ్ళే మేలు. కూలంట్ కావాల్సింది తుప్పు పట్టకుండా ఉండడానికి. రంగు చూసి కొనకండి, రాగికీ టంకానికీ పడుతుందని డబ్బా మీద ఉందో లేదో చూడండి. రెండేళ్ళకోసారి మార్చేస్తాను.

ఎండాకాలం వస్తే థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటర్‌కి పోనివ్వని కవాటం) పీకేయమనే మెకానిక్‌ల మాట మాత్రం వినొద్దు. మా బండిదీ ఒకాయన అలాగే తీసేశాడు. చలికాలంలో ఇంజను వేడెక్కక పెట్రోలు తాగేసింది, ప్లగ్గులకు మసి పట్టింది. 82 డిగ్రీలది మళ్ళీ పెట్టించాను, ఎండల్లోనూ అదే నడుస్తోంది.

ఎలక్ట్రిక్ ఫ్యాను జోలికి పోలేదు. రాత్రి హెడ్‌లైట్లతో పాటు దాన్ని కూడా మోయాలంటే పాత డైనమోకి కష్టం. మా దగ్గర బొగ్గు లారీల దుమ్ము రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కుంటుంది. దాన్ని ఇంజను వైపు నుంచి బయటికి, మామూలు పైపు నీళ్ళతోనే కడగాలి. సర్వీస్ సెంటర్ ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి. హోస్‌లు నొక్కి చూసి, మెత్తబడి ఉంటే మార్చిలోపే మార్పించండి.