ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్: రిటర్న్ కోడ్ కోసమే అట్టిపెట్టుకున్నాను

పైథాన్ స్క్రిప్ట్ నుంచి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే కమాండ్ లైన్ టూల్‌ని నడిపి, ఎలా మార్చాలో చెప్పే స్టైల్‌షీట్ (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ భాషలో రాసిన ఫైలు) ఇచ్చి, ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చడం ఏళ్లుగా నా పని. దీని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క విషయంలోనే: పనయ్యాక అది ఇచ్చే రిటర్న్ కోడ్, అంటే పని ఎలా ముగిసిందో చెప్పే అంకె. చాలా టూల్స్ ఏం చెడినా 1 అని చెప్పి ఊరుకుంటాయి. ఇది అలా కాదు. స్టైల్‌షీట్ చదవలేకపోతే 4, స్టైల్‌షీట్‌లో తప్పుంటే 5, డేటా ఫైలు పాడైతే 6, అవుట్‌పుట్ రాయలేకపోతే 11. రాత్రిపూట నడిచే స్క్రిప్టుకి ఇంతకంటే ఏం కావాలి? 6 వస్తే ఆ ఒక్క ఫైలూ పక్కన పెట్టి తర్వాతది అందుకుంటుంది. 4 గానీ 5 గానీ వస్తే మొత్తం ఆపేస్తుంది. ఎర్రర్ మెసేజీల్లో మాటలు వెతుక్కునే బాధ లేదు.

కానీ 0 వచ్చిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టేనని ఇప్పుడు అనలేను. మా పుస్తకాల క్యాటలాగ్‌లో ప్రచురణకర్తల పేర్లు వేరే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. స్టైల్‌షీట్ వాటిని డాక్యుమెంట్ ఫంక్షన్‌తో తెచ్చుకుంటుంది. ఆ ఫైలుని వెతికేది స్టైల్‌షీట్ ఉన్న చోటు నుంచి, స్క్రిప్ట్ నడిచే ఫోల్డర్ నుంచి కాదు. ఆఫీసులో ఎవరో ఫోల్డర్లు సర్దుతూ స్టైల్‌షీట్లను మరో చోటికి మార్చారు, పేర్ల ఫైలు పాత చోటే ఉండిపోయింది. టూల్ ఎర్రర్ స్ట్రీమ్‌లో (ఎర్రర్ మెసేజీలు విడిగా వెళ్లే దారిలో) ఫైలు దొరకలేదని ఒక్క వార్నింగ్ లైను వేసి, పేర్లేవీ లేనట్టు లెక్కగట్టి, మిగతా పేజీ అంతా చక్కగా తయారుచేసి 0 ఇచ్చింది. వేరే ప్రోగ్రాముల్ని నడిపే పైథాన్ సబ్‌ప్రాసెస్ మాడ్యూల్లో, తప్పు జరిగితే ఎర్రర్ లేపే చెక్ ఆన్ చేసే ఉంది, కానీ అది చూసేది రిటర్న్ కోడ్ ఒక్కటే. పొద్దున్న తెరిస్తే పుస్తకం పేరుంది, ధర ఉంది, ప్రచురణకర్త గడి ఖాళీ. ప్రతి పేజీలోనూ అంతే. అసలు ఇన్‌పుట్ ఫైలు కనబడకపోతే 6 ఇచ్చి అడ్డంపడే టూల్, రెండో ఫైలు విషయంలో ఇంత ఉదారంగా వదిలేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మందు స్టైల్‌షీట్‌లోనే దొరికింది. మొదటి టెంప్లేట్‌లో, పేర్ల ఫైలు రాకపోతే మెసేజ్ వేసి అక్కడికక్కడే ఆగిపొమ్మని ఒక షరతు పెట్టాను. అలా ఆగినప్పుడు వచ్చే కోడ్ 10, దానికీ విడిగా నంబరుంది! ఎర్రర్ స్ట్రీమ్‌లో ఏమొచ్చినా లాగ్‌లో పడేలా కూడా చేశాను.

అందరికీ ఇదే వాడమని చెప్పను. నా స్టైల్‌షీట్లన్నీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0వి, ఈ టూల్ అది దాటి పోదు. 2.0, 3.0 కావాలంటే సాక్సన్ అనే మరో టూల్ ఉంది, కాకపోతే దాని జావా వెర్షన్‌ని ఇలా ఫైలుకోసారి నడిపితే ప్రతిసారీ జావా లేవాలి. వేలకొద్దీ చిన్న ఫైళ్లున్నవాళ్లకు ఎల్‌ఎక్స్‌ఎంఎల్ అనే పైథాన్ మాడ్యూల్ నయం, లోపల ఉన్నది ఈ టూల్ వాడే లైబ్రరీయే. నావి కొన్నే, కానీ పెద్దవి. ఒకటి మొండికేస్తే టైమవుట్‌తో దాన్ని చంపేసి ముందుకు పోవాలి, అందుకు విడి ప్రాసెస్సే నాకు కుదిరింది.