బాగా కొట్టిన షాటే ముంచింది: ఆరేళ్లకి ఐరన్లు మార్చిన కథ

ముందే చెప్పేస్తున్నా, బ్రాండు పేరు అడగొద్దు. నేను ఆరేళ్లు వాడింది వెడల్పాటి సోల్ (క్లబ్ తల అడుగు), వెనక గుంట ఉన్న మామూలు గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్టు, అంటే తప్పు కొట్టినా కాపాడే గోల్ఫ్ ఐరన్లు (లోహపు తల క్లబ్బులు). ఏ కంపెనీదైనా ఆ తరగతి ఐరన్లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. నా గొడవ కంపెనీతో కాదు, ఆ సెట్టులోని ఏడో నంబరుతో. (ఐరన్లకి నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ బంతి ఎత్తుగా లేచి తక్కువ దూరం పోతుంది.)

నలభై దాటాక గోల్ఫ్ మొదలుపెట్టినవాణ్ణి. వారానికి ఒక రౌండు, అదీ ఆదివారం పొద్దున్నే, తొమ్మిదిన్నరకల్లా ఇంటికి చేరతానన్న ఒప్పందం మీద. మొదటి మూడేళ్లు ఆ సెట్టు నన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంది. బంతికి అంగుళం వెనక నేల తగిలినా సోల్ జారుకుంటూ పోయి బంతిని ఎలాగోలా ముందుకి తోసేది, అంచుకి తగిలినా సగం దూరం కాకుండా ముప్పాతిక దూరం పోయేది. బరువుని క్లబ్ తల మధ్యలో కాకుండా చుట్టూ అంచులకి పంచితే దెబ్బ తప్పినా తల అంతగా మెలితిరగదని 1960ల్లోనే ఐరన్లతో చూపించిన, పింగ్ క్లబ్బుల కంపెనీ పెట్టిన కార్స్టన్ సోల్‌హైమ్‌కి నాలాంటివాళ్లం రోజూ దణ్ణం పెట్టుకోవాలి. నా హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తగ్గేకొద్దీ మెరుగు) 28 నుంచి 17కి దిగిందంటే సగం పుణ్యం ఆయనదే.

సరే, ఆ అక్టోబరు సంగతి.

గోల్కొండ నయా ఖిలా గోల్ఫ్ కోర్సులో మెడల్ రౌండు (ప్రతి దెబ్బా లెక్కేసే పోటీ). రాత్రి వాన పడి గడ్డి ఇంకా తడిగానే ఉంది. ఒక పార్ ఫోర్‌లో (నాలుగు దెబ్బల్లో ముగించాల్సిన హోల్) నా రెండో షాట్, బంతి ఫెయిర్‌వే (పొట్టి గడ్డి దారి) దాటి రెండడుగులు రఫ్‌లో (పొడుగు గడ్డిలో) కూర్చుంది, పిన్‌కి (జెండా కర్రకి) 145 గజాలు. మా కేడీ (బ్యాగు మోసే మనిషి) వంగి బంతిని చూసి, "గడ్డిల ఉంది సార్, ఉరుకుతది. ఎనిమిది కొట్టండి" అన్నాడు. (కేడీ అని నేనన్నప్పుడల్లా మా అమ్మకి దడే, పోలీసు స్టేషన్ బోర్డు మీద ఫొటో ఉండే రకం అనుకుంటుంది.) నా లెక్కలో ఏడో నంబరు 150, ముందు బంకర్ (ఇసక గుంట) ఉంది, ఒక ఐదు గజాలు ఎక్కువైతే ఏం పోయిందని ఏడే తీశాను. కొట్టాను. ఆ రోజుకి అంత బాగా తగిలిన షాట్ ఇంకోటి లేదు, చేతికి ఏమీ తగిలినట్టే లేదు, వెన్నలో కత్తి దిగినట్టు. బంతి తక్కువ ఎత్తులో లేచి, జెండా మీదుగా పోయి, గ్రీన్ మీదుగా పోయి, వెనక పొదల్లోకి నేరుగా వెళ్లిపోయింది. కేడీ ఒక్క మాట మాట్లాడలేదు. జేబులోంచి ఇంకో బంతి తీసి, తువ్వాలుతో తుడిచి, నా చేతిలో పెట్టాడు. మొదటిది దొరకలేదు. కార్డు మీద ఆ హోల్‌కి ఎనిమిది దెబ్బలు.

ఇంకో రెండు హోల్స్ తర్వాత పార్ త్రీ. పిన్‌కి 146 గజాలు. మళ్లీ అదే ఏడో నంబరు, ఈసారి టో (తల కొస) దగ్గర తగిలి చేతిలో క్లబ్ మెలితిరిగింది, ఛ అనుకునేలోపు బంతి గ్రీన్ ముందు పడి దొర్లి పిన్‌కి పదిహేనడుగుల్లో ఆగింది. పక్కనున్నాయన "సూపర్ అన్నా" అని చప్పట్లు కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు కొడితే గ్రీన్ మీదా, ఒప్పు కొడితే పొదల్లోనా?

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచిస్తే విషయం అర్థమైంది. ఒకప్పుడు ఏడో నంబరు అంటే 34, 35 డిగ్రీల లాఫ్ట్, అంటే బంతికి తగిలే ముఖం (ఫేస్) వెనక్కి వాలిన కోణం. నా సెట్టులో అది 28.5. అంటే పాత లెక్కలో ఇంచుమించు ఐదో నంబరుని పట్టుకుని దాని మీద ఏడు అని చెక్కి ఇచ్చారు. దానికి తోడు ఫేస్ పల్చగా ఉండి స్ప్రింగులా తంతుంది. లాఫ్ట్ తగ్గితే స్పిన్ (బంతిని ఆపే వెనకతిప్పు) తగ్గుతుంది, ఫేస్‌కీ బంతికీ మధ్య తడి గడ్డి పడితే ఉన్న స్పిన్ కూడా పోతుంది, అప్పుడు బంతి ఆగమన్నా ఆగదు. కేడీ చెప్పిన 'ఉరుకుతది' అదే.

కానీ అసలు కిటుకు అది కాదు. నేను '150' అనుకున్నది నా మంచి షాట్ దూరం కాదు, ఐదేళ్లుగా అటూ ఇటూ తగిలిన చెత్త షాట్ల సగటు! అన్నీ చెత్తగా కొట్టినన్నాళ్లూ ఆ సగటు గడియారంలా పనిచేసింది. పదింట్లో నాలుగైదు మధ్యలో తగలడం మొదలయ్యాకే ఒక్క దూరం కాస్తా రెండైంది, అంచుకి తగిలితే 148, మధ్యలో తగిలితే 165 పైన. నాకు తెలిసి ఐరన్లు మార్చాల్సిన టైం అదే. హ్యాండిక్యాప్ ఇంతకి దిగితే మార్చాలని లెక్కలు చెప్తుంటారు, వాటితో నాకు పని పడలేదు. మంచి షాట్‌కి భయపడి చిన్న క్లబ్ తియ్యాల్సి వస్తోందంటే సెట్టు మనకి ఇరుకైనట్టు.

నమ్మకం కుదరక ప్రాక్టీస్ రేంజ్‌లో నాలుగు వారాలు ఒక పని చేశాను. ఆఫీసు మీటింగ్ రూంలోంచి వైట్‌బోర్డు మార్కర్ తెచ్చి (వాపసు పెట్టేశాను) బంతి మీద చుక్క పెట్టి, ఆ చుక్క ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టడం. ఎక్కడ తగిలితే అక్కడ ఫేస్ మీద అచ్చు పడుతుంది. ఎనిమిదో నంబరుతో పదింట్లో ఆరు పది రూపాయల బిళ్లంత జాగాలో పడ్డాయి. ఏడుతో ఐదు. అబ్బో అనుకుని ఆగిపోయాను. ఐదో నంబరుతో వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో తర్వాత చెప్తా.

కొనడానికి పోయిన షాపు గురించి ఎక్కువ రాయను. సిమ్యులేటర్ మీద ఏది ఎక్కువ దూరం పోతే దాన్నే అంటగట్టాలని చూశాడు, నాకు దూరం తగ్గాలి బాబూ అంటే పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. చివరికి ఎవరో ఏడాది వాడిన సెట్టు సెకండ్ హ్యాండ్‌లో దొరికింది, ఐదు నుంచి పిచింగ్ వెడ్జ్ (దగ్గరి షాట్లకి, లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్) దాకా, తల చిన్నది, సోల్ సన్నది, ఏడో నంబరు 33 డిగ్రీలు.

మొదటి నెల పండగే. ఏడో నంబరు 150 నుంచి 140కి పడిపోయింది, ఫ్రెండ్స్ "ఏంటన్నా, వయసైపోయిందా" అని ఏడిపించారు. పడితే పడింది. బాగా కొడితే 140, ఒక మోస్తరుగా కొడితే 134. అంతే తేడా! బంతి పైకి లేచి, గ్రీన్ మీద పడి, రెండు గంతులేసి ఆగుతుంటే చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. ఇంకో లాభం నేను అనుకోనిది, వెడ్జ్‌ల మధ్య గొయ్యి పూడింది. పాత సెట్టులో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు, దాని తర్వాత నా బ్యాగులో 56దే, ఆ రెంటి మధ్య నలభై గజాలు ఖాళీ. కొత్త పిచింగ్ వెడ్జ్ 46, పక్కన ఒక 51 కొనుక్కున్నా, బ్యాగులో పద్నాలుగు క్లబ్బులు మించకూడదన్న రూలు దాటకుండానే సరిపోయింది.

ఇక్కడిదాకా చదివి పరిగెత్తి కొనేయకండి. జులై వచ్చింది. నేల మెత్తబడింది. సన్నటి సోల్ బంతి వెనక గడ్డపార దిగినట్టు దిగడం మొదలుపెట్టింది, పాతది జారుకుంటూ పోయి కాపాడే చోట ఇది అక్కడే పాతుకుపోయి అరచెయ్యంత మట్టిపెళ్ల లేపేది, బంతి మాత్రం నలభై గజాల్లో. ఆగస్టులో మోకాలి నొప్పి, ఆఫీసులో రిలీజు, రెండు నెలలు ఆట లేదు. తిరిగొచ్చాక ఐదో నంబరు తీస్తే నరకం. అంచుకి తగిలితే మోచేతి దాకా ఝల్లుమనేది, బంతి 120 దాటేది కాదు.

అప్పుడు అటక మీంచి పాత సెట్టు దింపి ట్యూబ్‌లైటు కింద పెట్టి చూశా. ఆరేళ్లు వాడిన ఫేస్ మీద తగిలినచోట అరిగి మెరుస్తుంది. ఎనిమిది, తొమ్మిది మీద ఆ మెరుపు గుండ్రంగా, బిళ్లంత. ఏడు మీద కోడిగుడ్డంత. ఆరు మీద టో వైపు సాగింది. ఐదు మీదైతే ముగ్గు తొక్కేసినట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా. మార్కర్ లేదు, సిమ్యులేటర్ లేదు, జవాబు అటక మీదే ఉంది. ఐదో నంబరుతో చుక్క పరీక్ష ఎందుకు వెయ్యలేదంటే ఏం వస్తుందో నాకు లోపల తెలుసు, అందుకు.

ఇప్పుడు నా బ్యాగులో కొత్త సెట్టువి ఏడు నుంచి వెడ్జ్ దాకా, పైన పాత సెట్టుది ఆరో నంబరు ఒక్కటే. ఐదుకి బదులు హైబ్రిడ్ (బంతిని తేలిగ్గా లేపే, బొద్దు తల క్లబ్). పాత ఆరుకి లాఫ్ట్ తక్కువ కావడం వల్ల దానికీ కొత్త ఏడుకీ మధ్య ఇరవై గజాల పైన ఖాళీ పడింది, 155 గజాల దగ్గర ఇప్పటికీ ఇబ్బందే, ఆరుని కిందకి పట్టుకుని మెల్లగా కొట్టి గడిపేస్తున్నా. హ్యాండిక్యాప్ 15. ఐరన్ల వల్లో, మోకాలి వ్యాయామం వల్లో చెప్పలేను.

వారానికి మూడు రౌండ్లాడే కుర్రాడికి నా లెక్క పనికిరాకపోవచ్చు, వాడు ఐదో నంబరు కూడా మధ్యలోనే కొడతాడు. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లు వెడల్పాటి సోల్ వదలొద్దు. మధ్యలో ఉన్నవాళ్లు ఏమీ కొనకముందు మీ ఐదో నంబరు ఫేస్‌ని ఓసారి లైటు కింద పెట్టి చూడండి. పాత ఏడో నంబరు మా బావమరిది కొడుక్కి ఇచ్చేశాను. 160 కొడుతున్నా మావయ్యా అని మొన్న ఫోన్ చేశాడు. తడి గడ్డిలో ఉంటే ఎనిమిది తియ్యిరా అని చెప్పా, విన్నట్టు లేదు.