ఏసీ గ్యాస్, బ్రేక్ ఆయిల్: నింపించడం మేలా, లీకు వెతికించడం మేలా?

మే నెల ఎండలో పెళ్లివారితో నల్లగొండ దాటిన మినీవ్యాన్‌లో ఏసీ చల్లదనం తగ్గితే, షెడ్డులో సాధారణంగా వినిపించే మాట "అన్నా, గ్యాస్ అయిపోయింది, నింపుదాం" అన్నదే. అయితే ఏసీ గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాలలోనే తిరిగే ఆర్134ఎ అనే ఈ గ్యాస్ బాగా తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. వెతకకుండా నింపితే కొత్త గ్యాస్ కూడా అదే దారిన పోతుంది. దానితోపాటు, గ్యాస్‌ను ఒత్తి తిప్పే కంప్రెసర్‌కు కావలసిన ఆయిల్ కూడా కొంత పోతుంది కనుక, చివరకు కంప్రెసరే పట్టేసే ప్రమాదం ఉంది. లీకు బయటపడేలా గొట్టాలలోకి నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురుగుతో జాయింట్లు చూసి, పాడైన ఓ-రింగు (రబ్బరు సీలు) మార్చి, లోపలి గాలి, తేమ లాగేసి (వాక్యూమ్ చేసి) తూకం ప్రకారం గ్యాస్ నింపడానికి ఒక పూట పట్టినా, నేను ఆ పద్ధతినే ఎంచుకుంటాను.

అసలు తప్పు గ్యాస్‌ది కాకపోవచ్చు కూడా. బండి పరుగులో ఉన్నప్పుడు చల్లగా ఉండి, నార్కట్‌పల్లి హోటల్ ముందు ఆగగానే వేడిగాలి వస్తే, మొదట గ్యాస్ వేడిని బయటికి వదిలే కండెన్సర్ ఫ్యానును, దానిపై పేరుకున్న దుమ్మును చూడాలి. రెండు కూలింగ్ కాయిల్స్ ఉన్న వ్యాన్‌లో ముందు సీట్లు చల్లబడి వెనుక సీట్లు చల్లబడకపోతే, వెనుక బ్లోయరునో (గాలి ఊదే ఫ్యాను), కాయిల్‌లోకి గ్యాస్‌ను వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వునో అనుమానించడం సబబు. హీటరుతో మనకు పని తక్కువే; పొగమంచు ఉదయాన అద్దం ఆరక, గాలి వెచ్చబడకపోతే, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గిందో, దాని దారిని వేడిని బట్టి తెరిచి మూసే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిందో చూస్తే చాలు.

బ్రేకుల విషయంలో గుడ్డిగా నింపడం ఇంకా ప్రమాదకరం. ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే పిస్టన్లు ముందుకు జరిగి డబ్బాలో బ్రేక్ ఆయిల్ మట్టం దిగుతుంది. నింపితే హెచ్చరిక దీపం ఆరుతుందే తప్ప అరుగుదల ఆగదు. పెడల్ స్పంజిలా మెత్తబడితే గాలి చేరి ఉండవచ్చు, తొక్కి పట్టినా మెల్లగా కిందికి దిగితే పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయి ఉండవచ్చు. పాత ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కూడా. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ మరిగే ఉష్ణోగ్రతకు కొత్తదానిలో కనీస ప్రమాణం 230 డిగ్రీలు కాగా, తేమ పట్టాక అది 155 డిగ్రీలే. మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్తూ, దోమలపెంట నుంచి కృష్ణ వైపు దిగే మలుపులలో బ్రేకు మీదే కాలు ఉంచితే, ఆ ఆయిల్ మరిగి, ఆవిరి పుట్టి, పెడల్ నేలకు అంటవచ్చు. చిన్న గేరులో దిగడం ఎంత అవసరమో, సుమారు రెండేళ్లకొకసారి ఆయిల్ మొత్తం మార్పించడమూ అంతే అవసరం.

ప్యాడ్లు మందంగా ఉండి, చక్రాల లోపలి వైపు గానీ పైపుల వెంట గానీ తడి లేకుండా, మట్టం మాత్రం కనిష్ఠ గీతకు చేరినప్పుడు, డబ్బా మూతపై రాసి ఉన్న రకం ఆయిలే పోయించవచ్చు. చక్రం దగ్గర తడి కనిపిస్తే మాత్రం బండిని అక్కడే ఆపి, టోయింగ్ వాహనాన్ని పిలిపించాలి.